మోకాలి అరుగుదలకు జెల్ ఇంజెక్షన్: ఎవరికి వేయించాలి, ఎవరికి వద్దు

సంక్రాంతికి ఊరొచ్చిన పిల్లలు అమ్మ గోడ పట్టుకుని లేవడం చూస్తారు. కనుమ వెళ్లగానే కారెక్కించి రాజమండ్రికో, కాకినాడకో, భీమవరానికో తీసుకెళ్తారు. ఎక్స్‌రే తీస్తారు, గుజ్జు అరిగిపోయిందంటారు. జెల్ ఇంజెక్షన్ వేయిద్దామా, ఆపరేషనే చేయించేద్దామా అని ఇంట్లో చర్చ మొదలవుతుంది. సెలవులు అయ్యేలోపు తేల్చెయ్యాలన్న తొందరలో నాలుగు రోజుల్లో నిర్ణయం జరిగిపోతుంది. మోకాలి అరుగుదల ఏళ్ల తరబడి నడిచే జబ్బు. రెండు వారాలు ఆగి ఆలోచించుకుంటే చెడిపోయేది ఏమీ లేదు. ఆ రెండు వారాల్లో చదువుకోవడానికే ఇది రాస్తున్నాను.

నేను కోనసీమలో ఫిజియోథెరపీ చేస్తాను. కాబట్టి నా మాట కొంత వ్యాయామం వైపు మొగ్గుతుందని ముందే తెలుసుకుని చదవండి. జెల్ ఇంజెక్షన్ దండగని నేను అనను. కాకపోతే అది పనికొచ్చే మోకాళ్లు కొన్నే, వేయించుకుంటున్న మోకాళ్లు మాత్రం చాలా. నా బాధ అంతా అక్కడే.

ముందు ఆ నొప్పి అరుగుదలదేనా?

వయసు 45 దాటడం, నడిచినా మెట్లెక్కినా పెరిగి కాసేపు కూర్చుంటే తగ్గే నొప్పి, పొద్దున లేవగానే కీలు బిగుసుకున్నా అరగంటలోపు సర్దుకోవడం. ఈ మూడూ ఉంటే అది అరుగుదలేనని ఎక్స్‌రే లేకుండానే చెప్పవచ్చని బ్రిటన్ వైద్య మార్గదర్శకాల సంస్థ నైస్ చెబుతుంది. ఇంజెక్షనో ఆపరేషనో తేల్చుకునేటప్పుడు మాత్రం ఎక్స్‌రే కావాలి, అదీ నిలబెట్టి తీసినది. పడుకోబెట్టి తీస్తే శరీర బరువు మోకాలి మీద పడదు, ఎముకల మధ్య ఖాళీ ఉన్నదానికన్నా ఎక్కువ కనబడుతుంది. రిపోర్టులో ‘గ్రేడ్’ అని ఉండేది కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు డాక్టర్లు 1957లో ఇచ్చిన లెక్క. 0 అంటే అరుగుదల లేదు, 4 అంటే ఎముకా ఎముకా దాదాపు ఆనుకున్నాయి. మీ గ్రేడ్ ఎంతో అడిగి రాసుకోండి. ఇక్కడి నుంచి చెప్పేదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఎమ్మారై చాలామందికి అక్కర్లేదు.

పొద్దున బిగుసుకుపోవడం గంట దాటినా, చేతివేళ్లు, మణికట్లు కూడా వాచినా అది కీళ్లవాతం కావచ్చు, దాని మందులు వేరు. జ్వరమొచ్చి తగ్గాక కీళ్లన్నీ పట్టేసినవాళ్లు చికున్‌గున్యా సంగతి చూసుకోవాలి. ఇంటి చుట్టూ తొట్లలో, డబ్బాల్లో నీళ్లు నిలిచే మన ఊళ్లలో ఆ జబ్బు తెచ్చే దోమలకు కొదవలేదు. ఆ నొప్పులు నెలల తరబడి ఉండి మెల్లగా తగ్గుతాయి, జెల్‌తో వాటికి సంబంధం లేదు. ఒక్క మోకాలే ఎర్రబడి, కాలుతూ, జ్వరం కూడా ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కీలులో చీము పట్టిందేమో అని చూడకుండా ఆ మోకాల్లోకి ఏ ఇంజెక్షనూ ఇవ్వకూడదు.

జెల్ ఇంజెక్షన్ ఏం చేస్తుంది

‘జెల్లు ఎక్కిత్తే గుజ్జు మళ్లీ పట్టేత్తదంట కదండీ’ అని అడగనివాళ్లు లేరు. పట్టదు. ఎముకల చివర్ల మీద ఉండే మృదులాస్థి (మనం గుజ్జు అనేది) వేరు, కీలు సంచిలో ఉండే జిగురు ద్రవం వేరు. హైలురోనిక్ యాసిడ్ అనేది ఆ ద్రవానికి జిగురునిచ్చే పదార్థం. అరుగుదల వచ్చిన మోకాల్లో ఆ ద్రవం పలచబడుతుంది. బయట తయారుచేసిన జిగురును సూదితో అందులోకి పంపితే రాపిడి, నొప్పి తగ్గుతాయన్నది దీని వెనక ఆలోచన. ఎక్కించిన జెల్ ఎక్కువ కాలం కీలులో ఉండదు, శరీరం దాన్ని విరిచేస్తుంది. అరిగిన మృదులాస్థి దానివల్ల తిరిగి పెరగదు.

ఈ పదార్థాన్ని 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిలోంచి వేరుచేశారు. మోకాలి అరుగుదలకు వాడుకోవడానికి అమెరికా ఎఫ్‌డీఏ 1997లో అనుమతి ఇచ్చింది. కొన్ని కంపెనీలు కోడిపుంజు తల మీది ఎర్రటి జుత్తు నుంచి తీస్తాయి, కొన్ని బ్యాక్టీరియా ద్వారా పులియబెట్టి తయారుచేస్తాయి. గుడ్డు, కోడిమాంసం పడనివాళ్లు ఏ రకమో డాక్టర్‌ను అడగాలి. వారానికొకటి చొప్పున మూడు లేక ఐదు డోసులు తీసుకునేవి ఉన్నాయి, ఒకే డోసుతో అయిపోయేవీ ఉన్నాయి. పల్లె నుంచి ప్రతివారం బస్సెక్కి రాలేనివాళ్లకు ఒక్క డోసుది వీలు. అంతేగానీ, ఖరీదు ఎక్కువైనంత మాత్రాన గుణం కూడా అంత ఎక్కువని అనుకోవద్దు.

ఇది వేయించిన మర్నాడే లేచి పరుగెత్తించే మందు కాదు. గుణం తెలియడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది, రెండు నెలలకు ఎక్కువగా కనబడుతుంది, పనిచేసినవాళ్లలో ఆరు నెలల వరకూ కొంత మిగులుతుంది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్ మెట్లు దిగి స్నానం చెయ్యాలని ఇప్పటి నుంచే మోకాళ్ల గురించి అడుగుతున్న పెద్దవాళ్లున్నారు. జెల్ వేయించుకోదలిస్తే కనీసం రెండు నెలల ముందు వేయించుకోవాలి. ముందురోజు వేయించుకుంటే ఉపయోగం ఉండదు సరికదా, సూది వల్ల వాపు వస్తే మెట్లు దిగడం ఇంకా కష్టమవుతుంది.

మరి ఎంత మేలు చేస్తుంది? డాక్టర్ల మధ్యే ఏకాభిప్రాయం లేదు. 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 169 ట్రయల్స్‌ను కలిపి చూసిన విశ్లేషణ ప్రచురించింది. 100 మిల్లీమీటర్ల గీత మీద మీ నొప్పి ఎంతో గుర్తు పెట్టమంటారు. పెద్ద ట్రయల్స్‌లో, ఉత్త ఉప్పునీరు ఎక్కించినవాళ్లకన్నా జెల్ ఎక్కించినవాళ్లకు అదనంగా తగ్గింది 2 మిల్లీమీటర్లు. మనిషికి తేడా తెలియాలంటే 9 మిల్లీమీటర్లైనా ఉండాలని ఆ పరిశోధకులు పెట్టుకున్న కొలత. తీవ్రమైన దుష్ఫలితాలు కూడా జెల్ తీసుకున్నవాళ్లలో కొంచెం ఎక్కువే కనిపించాయి. బ్రిటన్‌లో నైస్ దీన్ని ఇవ్వవద్దనే అంటోంది. అమెరికా ఎముకల డాక్టర్ల అకాడమీ 2021లో అందరికీ మామూలుగా ఇచ్చే చికిత్సగా పనికిరాదంది. అమెరికా కీళ్లవాత నిపుణుల సంఘం 2019లో ‘వద్దు’ వైపు మొగ్గినా, మిగతావి పనిచేయనివాళ్లకు డాక్టరూ రోగీ మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చని చోటు ఉంచింది. అదే ఏడాది అంతర్జాతీయ అరుగుదల పరిశోధన సంఘం ఓఏఆర్‌ఎస్‌ఐ మాత్రం మూడు నెలలకు మించి ఉపశమనం కావాలంటే మోకాలికి దీన్ని షరతులతో ఇవ్వవచ్చంది.

అయితే ‘నాకు బాగా పనిచేసిందండీ’ అనేవాళ్లు అబద్ధం చెబుతున్నారా? లేదు. ఉప్పునీరు ఎక్కించినా నొప్పి బాగానే తగ్గుతుందని ఆ ట్రయల్స్‌లోనే తేలింది. నొప్పి హెచ్చుతగ్గులతో నడుస్తుంది. బాగా పెరిగినప్పుడే డాక్టర్ దగ్గరికి వెళ్తాం, ఆ తర్వాత అది కొంత తగ్గుముఖం పట్టడం సహజం. సూది ముందు మోకాల్లో చేరిన నీరు తీసేస్తే మోకాలి బరువు తగ్గుతుంది, వేయించాక నాలుగు రోజులు విశ్రాంతి దొరుకుతుంది. ఇవన్నీ కలిసి వచ్చిన ఉపశమనం నిజమైనదే. దానికి వేల రూపాయలు పెట్టాలా అన్నదే ఆలోచించుకోవాల్సిన సంగతి.

జెల్ వేశాక రెండు రోజులు బరువులు మోయకూడదు, గంటకు మించి నిలబడకూడదు. కొందరికి మోకాలు నాలుగైదు రోజులు వాచి సలుపుతుంది. బాగా వాచి కాలితే చీము పట్టిందో, మందు పడక వాచిందో డాక్టరే చూసి చెప్పాలి, ఇంట్లో ఐసు పెట్టుకుని కూర్చోకూడదు.

డెల్టావాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. బోదకాలు ఇక్కడ పాత సమస్య. కాల్లో నీరు నిలిచి లావెక్కినవాళ్లకు, నరాలు ఉబ్బినవాళ్లకు ఈ ఇంజెక్షన్ జాగ్రత్తగా ఇవ్వాలని తయారీదారుల సూచనల్లోనే ఉంటుంది. బోదకాలు సంగతి చాలామంది సిగ్గుపడి చెప్పరు, చీర కుచ్చిళ్ల కింద అది కనపడదు. చెప్పాలి. అలాగే ఊడ్పుల రోజుల్లో బురదలో నాని కాలి మీద పుండ్లు, తామర ఉన్నప్పుడు, రొయ్యల చెరువులో దిగి కోసుకున్న గాయం మానకముందు మోకాల్లో సూది గుచ్చించుకోకండి. చర్మం మీద ఉన్న సూక్ష్మక్రిములు లోపలికి వెళ్తే కీలే పోతుంది. గాయం మానేదాకా ఆగండి.

స్టెరాయిడ్ సూది

పేరు వినగానే భయపడతారు గానీ, అవసరమైన చోట జెల్‌కన్నా దీనికే నా ఓటు. వాచి, నీరు పట్టి, రాత్రి నిద్ర లేకుండా చేసే మోకాలికి ఇది కొద్దిరోజుల్లోనే పనిచేస్తుంది. ఖరీదు తక్కువ. ఉపశమనం కొన్ని వారాలే, అరుదుగా మూడు నెలలు. ఆ వారాల్లో తొడ కండరాలకు పని చెప్పగలిగితే సూది సార్థకమవుతుంది. నొప్పి తగ్గిందని మళ్లీ మంచం మీద కూర్చుంటే డబ్బు పోయినట్టే.

దీనికీ హద్దులున్నాయి. 2017లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ట్రయల్‌లో రెండేళ్లపాటు మూడు నెలలకొకసారి స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లకు ఉప్పునీరు ఇచ్చినవాళ్లకన్నా మృదులాస్థి ఎక్కువ తగ్గింది, నొప్పిలో మాత్రం తేడా లేదు. కాబట్టి అలవాటుగా వేయించుకునేది కాదు. షుగర్ ఉన్నవాళ్లకు సూది తర్వాత కొన్ని రోజులు షుగర్ బాగా పెరుగుతుంది. ముందే డాక్టర్‌కు చెప్పి వారంపాటు ఇంట్లో చూసుకోవాలి. షుగర్ అదుపులో లేనివాళ్లకు జెల్ వైపు చూడటానికి ఇదొక న్యాయమైన కారణం.

ఊళ్లో ఆర్‌ఎంపీ తుంటికి చేసే నొప్పి సూదికీ, దీనికీ పోలికే లేదు. కీలులోకి సూది శుభ్రమైన గదిలో, ఎముకల డాక్టరో కీళ్లవాత నిపుణుడో చెయ్యాలి. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చేస్తే సూది సరైన చోటే పడుతుంది. తుంటికి పదే పదే చేయించుకునే సూదుల్లో ఏ మందు ఉందో తెలియకుండా ఉండటం ప్రమాదం. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు నొప్పి మాత్రలు కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. మాత్ర కన్నా ముందు మోకాలి మీద రాసే డైక్లోఫెనాక్ జెల్ వాడండి. రక్తంలోకి చాలా తక్కువ వెళ్తుంది, మోకాలికి బాగానే పనిచేస్తుంది.

పీఆర్‌పీ

మీ రక్తమే తీసి, తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని మోకాల్లోకి ఎక్కిస్తారు. సొంత రక్తం కాబట్టి మంచిదేనన్న నమ్మకం మీద బాగా నడుస్తోంది. 2021లో ఆస్ట్రేలియాలో 288 మంది మీద చేసిన ట్రయల్‌లో ఏడాది తర్వాత ఉప్పునీటికీ దీనికీ నొప్పిలోనూ, మృదులాస్థిలోనూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఒక్కో చోట ఒక్కోలా తయారుచేస్తారు గనక రెండు ఆసుపత్రుల పీఆర్‌పీ ఒకటి కాదు. అప్పుచేసి వేయించుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. మూలకణాల ఇంజెక్షన్ గురించి ఎవరైనా లక్షల్లో చెబితే లేచి వచ్చేయండి.

సూది లేని దారి

ఏ దేశపు మార్గదర్శకం తీసినా మొదటి వరసలో ఉండేది వ్యాయామం, బరువు తగ్గడం. పిల్లలు దీన్ని ‘ఎలాగూ చెబుతారు’ అని దాటేస్తారు. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 156 మందిని రెండు జట్లు చేసి ఒక జట్టుకు స్టెరాయిడ్ సూది, ఇంకో జట్టుకు ఫిజియోథెరపీ ఇచ్చి చూశారు. ఏడాది తర్వాత ఫిజియోథెరపీ జట్టుకే నొప్పి తక్కువ, నడక మెరుగు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుందని ఇంకో అధ్యయనం చూపింది. ఐదు కిలోలు తగ్గిన మనిషి మోకాలికి ఇరవై కిలోల మూట దింపినట్టే.

రెండు పూటలా అన్నం, రాత్రి చారుమజ్జిగతో ఇంకో పూట తినే ఇళ్లు మనవి. అన్నం మానమని నేను చెప్పను, తినే పళ్లెంలో కూర సగం పెట్టుకోమంటాను. రాత్రి అన్నం చిన్న గిన్నెడు చేస్తే చాలు.

వ్యాయామానికి జిమ్ అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపి, తొడ బిగించి పది లెక్కపెట్టేదాకా ఉంచి దించాలి. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవాలి. మంచం మీద పడుకుని మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, దాన్ని నొక్కాలి. ఒక్కొక్కటి పదిసార్లు, పూటకు మూడు విడతలు, వారానికి ఐదు రోజులు. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటుంది, మర్నాటికి తగ్గిపోతే ఫరవాలేదు. మర్నాటికీ వాపు ఉంటే లెక్క తగ్గించాలి. కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు చేస్తేగానీ ఫలితం చెప్పలేం. కాలవ గట్టు మీద పొద్దున నడక మంచిదే, వానాకాలం జారే గట్టు మాత్రం వద్దు.

ఇంట్లో ఎత్తు మార్చుకోవాలి. పీట మీద కూర్చుని కత్తిపీటతో కూరలు తరిగేవాళ్లు బల్ల మీదికి మారాలి. నేల మీది మరుగుదొడ్డి మీద కమోడ్ కుర్చీ పెట్టుకోవాలి. నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్లు కాళ్లు మడిచి గంటల తరబడి నేల మీద కూర్చుంటారు. అల్లిక మానక్కర్లేదు, కుర్చీలో కూర్చుని అరగంటకోసారి లేచి తిరగాలి. చేతికర్ర నొప్పి లేని వైపు చేత్తో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, దానివల్ల భారం తగ్గదు.

ఆపరేషన్

గ్రేడ్ 4 వచ్చి, మోకాళ్లు బయటికి వంగిపోయి, రాత్రిళ్లు నిద్ర లేక, గుడికీ పెళ్లికీ వెళ్లడం మానేసినవాళ్లకు ఏ సూదీ చెయ్యగలిగింది లేదు. వాళ్లకు మోకీలు మార్పిడి బాగా పనిచేస్తుంది. 2019లో లాన్సెట్‌లో వచ్చిన లెక్క ప్రకారం పూర్తి మోకీళ్లు మార్చినవాటిలో సుమారు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తున్నాయి. కీలు ఖరీదు మీద కేంద్రం 2017 ఆగస్టులో గరిష్ఠ ధర పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం కీలుకు అప్పట్లో రూ. 54,720. బిల్లులో కీలు ధర విడిగా వేసి చూపమని అడగండి, అది మీ హక్కు. ఆరోగ్య పథకం కార్డు ఉంటే మీ మోకాలి స్థితికి ఏవి వర్తిస్తాయో ఆసుపత్రిలోని హెల్ప్‌డెస్క్ దగ్గర ముందే కాగితం మీద రాయించుకోండి.

ఆపరేషన్ తర్వాత బాసిపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుకూర్చోవడం చాలామందికి కుదరదు. పదిమందిలో ఒకరిద్దరు నొప్పి అనుకున్నంత తగ్గలేదంటారు. ఇవి తెలిసి చేయించుకుంటే తర్వాత కుమిలిపోనక్కర్లేదు. పాడైన కీలును ఆర్థ్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రంలోంచి కెమెరా గొట్టం పంపి, కడిగి శుభ్రం చేస్తామంటే ఒప్పుకోకండి. అరుగుదలకు అది, లోపల ఏమీ చేయకుండా పైన ఉత్త కోత పెట్టి కుట్టేసినదానికన్నా మేలు చేయలేదని 2002లోనే తేలింది.

ఎవరికి ఏది

సార్వా, దాళ్వా రెండింటా కూలికి వెళ్లే 50 ఏళ్ల ఆమె, గ్రేడ్ 2. ఆమెకు వ్యాయామం, రాసే మందు, పని మధ్యలో కాసేపు విశ్రాంతి. జెల్‌కు పెట్టే డబ్బు ఆమెకు ఎన్నో రోజుల కూలి. వద్దని చెప్పడానికి నాకు సందేహం లేదు.

రిటైరైన మాస్టారు, గ్రేడ్ 3, షుగర్, కిడ్నీలు కొంచెం బలహీనం. మాత్రలు వాడలేరు, స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుంది. మూడు నెలలు మనసుపెట్టి వ్యాయామం చేసినా నడక అరకిలోమీటరు దాటడం లేదు, ఆపరేషన్ ఇప్పుడే వద్దంటున్నారు. డబ్బు ఇబ్బంది లేదు. ఇలాంటి మనిషికి జెల్ ఒకసారి వేసి చూడటం తప్పు కాదు. వేయించుకునే ముందు ఎంత దూరం నడవగలరో, ఎన్ని మెట్లు ఎక్కగలరో రాసి పెట్టుకోవాలి. మూడు నెలలకు మళ్లీ రాసి చూడాలి. స్పష్టమైన తేడా ఉంటే ఆరు నెలలు గడిచాక రెండోసారి ఆలోచించవచ్చు. తేడా లేకపోతే కంపెనీ మార్చి వేయిద్దామన్న మాట వినవద్దు. సీసా మీది పేరు, మిల్లీలీటర్లు, ఎక్స్‌పైరీ తేదీ, ఎమ్మార్పీ ఉన్న స్టిక్కర్ ఫైల్లో అంటించమని అడగాలి.

మోకాలు ఉన్నట్టుండి వాచిపోయి, వచ్చేనెల మనవరాలి పెళ్లి ఉన్న మామ్మగారికి స్టెరాయిడ్ సూది ఒకటి, దాని వెంటనే వ్యాయామం. జెల్‌కు అంత వ్యవధి లేదు.

72 ఏళ్ల మామ్మగారు, గ్రేడ్ 4, కాళ్లు వంగిపోయాయి, ఇంట్లోనే తిరగలేరు, గుండె బాగానే ఉంది. ఆపరేషన్‌కే తీసుకెళ్లండి. ఆమెకు ‘ముందు ఒక జెల్ వేసి చూద్దాం’ అని ఎవరైనా అంటే, ఎందుకని గట్టిగా అడగండి. ఆపరేషన్‌కు ముందు మూడు నెలల లోపల మోకాల్లోకి స్టెరాయిడ్ గానీ జెల్ గానీ వెళ్తే కొత్త కీలుకు చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. అందుకని చాలామంది సర్జన్లు ఆ మూడు నెలలు గడిచేదాకా ఆపరేషన్ వాయిదా వేస్తారు. ఈలోపు తొడ కండరాలు ఇంకా కరిగిపోతాయి. ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునేటప్పుడు, ఇంతకుముందు మోకాల్లోకి ఏ సూది ఎప్పుడు చేయించారో తేదీతో సహా సర్జన్‌కు చెప్పండి, పక్క ఊళ్లో చేయించినదైనా సరే.